బల్బుల పిన్ని చూడని రంగు

ఆ వీధిలో ఎవరింట్లో లైటు ఆరిపోయినా ముందు గుర్తొచ్చేది బల్బుల పిన్నే. ఆమె అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది తప్ప ఎవరి నోటా వినబడదు. ఇంటి ముందుగదే ఆమె దుకాణం. ఒక బల్ల, ఒక సోల్డరింగ్ ఐరన్, స్టాండుకి బిగించిన భూతద్దం, విప్పేసిన బల్బుల డొప్పలు నిండిన నాలుగు డబ్బాలు. గోడకి ఒక చెక్కబోర్డు, దాని మీద మూడు బల్బులు. మొదటిది పసుపు వెలుతురుది, రెండోది పాలరంగుది, మూడోది మల్లెపువ్వులా తెల్లటిది. ఏ బల్బు కావాలో తేల్చుకోలేని వాళ్లకి ఒకే గుడ్డముక్కని మూడింటి కిందా పెట్టి చూపించేది. అదే గుడ్డేనా అని వాళ్లు నోరు వెళ్లబెట్టేవాళ్లు.

పెళ్లయిన కొత్తలో ఆమె ఒక బల్బుల ఫ్యాక్టరీలో చేరింది. పన్నెండేళ్లు పరీక్ష బల్ల దగ్గరే కూర్చుంది. తయారై వచ్చిన బల్బుల్లో చెడ్డవి ఏరి పక్కన పడేయడం ఆమె పని. భర్త పోయిన ఏడాదే ఫ్యాక్టరీ కూడా మూతపడింది. సోల్డరింగ్ ఐరన్ ఒకటి చేతికొచ్చింది, అనుమానం వెంటొచ్చింది. బాగుచేసిన బల్బుని ఎవరికీ వెంటనే ఇచ్చేది కాదు. గంటసేపు వెలిగించి ఉంచేది. మెడ దగ్గర వేలు పెట్టి వేడి చూసేది. ఫోన్ కెమెరాలోంచి చూసి చారలు కదులుతున్నాయేమో కనిపెట్టేది. కంటికి నిలకడగా కనిపించే వెలుతురు లోపల వణుకుతుంటే కెమెరా పట్టించేస్తుంది. వెలుగుతోందిగా పిన్నీ, ఇచ్చెయ్యి అని ఎవరైనా తొందరపెడితే ఆమె దగ్గర ఒకటే మాట. "వెలిగినంత మాత్రాన బాగున్నట్టు కాదు నాయనా. కూచో."

చుట్టుపక్కల కొట్లలో లైట్లు చాలామటుకు ఆమె బిగించినవే. అందుకే ఆ కొట్లలో ఆమె దేన్నీ నమ్మేది కాదు. మాంసం కొట్టువాడు ఎర్రఛాయ లైటు ఎందుకు అడిగాడో ఆమెకి తెలుసు. బేకరీలో నిన్నటి రొట్టె ఇవాళ్టిదిలా కనిపించాలంటే ఏ పసుపు కావాలో తెలుసు. పళ్ల డాక్టరు కుర్చీ పైన నీడ పడని తెల్లలైటూ, దర్జీ మిషను సూది పక్కన వేలెడంత లైటూ మాత్రమే నిజాయితీగా పనిచేస్తాయని ఆమె అభిప్రాయం. మిగతావన్నీ ముఖానికి రాసుకునే పౌడరు లాంటివి.

కూరల కొట్లో టమాటాలు ఏరి, గంపతో సహా రోడ్డు మీదికి తీసుకెళ్లి, ఎండలో ఒక్కొక్కటీ తిప్పి చూసి, సగం వెనక్కి పెట్టేది. కూరల కొట్టువాడు తల పట్టుకునేవాడు. "పిన్నీ, ఆ లైటు నువ్వు పెట్టిందేగా. నువ్వే నమ్మకపోతే ఎట్లా?" అనేవాడు. నేను పెట్టాను కాబట్టే నమ్మను అని ఆమె జవాబు.

ఆమెకి ఒక్కతే కూతురు. పెళ్లయి మేడ మీది వాటాలోనే ఉంటోంది. అల్లుడు పార్సిల్ వ్యాను నడుపుతాడు. మంచివాడే. కానీ కాపురం పెట్టిన మొదటి నెలలోనే ఒక తప్పు చేశాడు. కింద అత్తగారి దుకాణం ఉండగా, ఎక్కడో పెద్ద షాపులో రంగులు మారే స్ట్రిప్ లైటు కొని, హాలు కప్పు చుట్టూ అతికించుకున్నాడు. రిమోట్ నొక్కితే ఎరుపు, ఇంకోసారి నొక్కితే ఊదా. పిన్ని మెట్లెక్కి వచ్చి చూసి, ఈ పాముకి పాలు కూడా పోస్తావా బాబూ అని అడిగి కిందికి దిగిపోయింది. ఆరు వారాలకి ఆ పాము సగం చచ్చింది. అల్లుడు బాగుచేసి పెట్టమనలేదు. పిన్ని తనంతట తాను చేస్తాననలేదు. అప్పట్నుంచి అతను లైట్ల గురించి ఏం మాట్లాడినా అందులో ఒక ముల్లు ఉందనే ఆమె లెక్క.

కూతురికి ఆడపిల్ల పుట్టింది. రెండో రోజు సాయంత్రం ఆసుపత్రి నుంచి పంపించేశారు. పంపేటప్పుడు ఒక కాగితం ఇచ్చి, పాలు సరిగ్గా తాగకపోయినా, ఒళ్లు పచ్చబడినా వెంటనే తీసుకురమ్మన్నారు. కూతురు ఆ కాగితాన్ని మంచం పక్కన గోడకి అంటించుకుంది.

మేడ మీద పడగ్గది కిటికీ ఎదురుగా వెల్డింగ్ షాపు ఉంది. అక్కడ పని మొదలైతే తెల్లటి మెరుపు గదంతా కొడుతుంది. ఆ మెరుపు పసికళ్లకి మంచిది కాదని పిన్ని ముందే మందపాటి పరదా రెండు మడతలు వేసి కుట్టించింది. గదిలో తెల్లలైటు కూడా తీసేసింది. ప్రతి తెల్ల ఎల్ఈడీలోనూ అడుగున ఉండేది నీలం చిప్పేనని, దాని మీద పసుపు పూత పూస్తేనే తెలుపు కనిపిస్తుందని ఆమెకి ఫ్యాక్టరీ రోజుల నుంచీ తెలుసు. పూత పల్చగా ఉంటే నీలం బయటికి కొడుతుంది. ఆ నీలం పసికళ్లకి ఎందుకు? అందుకని తన దగ్గరున్న వాటిలో బాగా చిక్కని పూత ఉన్న బల్బు ఏరింది. గంట కాదు, రోజంతా వెలిగించి చూసింది. తన చేత్తో బిగించింది. గది తేనెలో ముంచినట్టు అయింది. కూతురు మురిసిపోయింది. పిన్ని తన జన్మలో బిగించిన బల్బులన్నిట్లో దాన్నే ఎక్కువ నమ్మింది.

మూడో రోజు నుంచి పసిది ఎక్కువ నిద్రపోవడం మొదలుపెట్టింది. పాలకి లేపితే రెండు గుక్కలు తాగి మళ్లీ కళ్లు మూసేది. పిల్లలు నిద్రపోతేనే పెరుగుతారని పక్కింటావిడ అంది. బంగారుబొమ్మ, ఏడుపే లేదు, అదృష్టవంతులని చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ అన్నారు. పిన్నికి ఆ మాట రుచించలేదు. ఫ్యాక్టరీలో చప్పుడు చేయని మిషనుని చూస్తే ఆమెకి భయంగా ఉండేది. చప్పుడు చేసేదాన్ని ఓ కంట కనిపెట్టొచ్చు, చేయనిదాన్ని ఏమని కనిపెట్టడం?

ఆమె అనుమానం ఒక్కొక్క దాని మీదికీ పాకింది. మొదట కూతురు మింగుతున్న మాత్రల మీద. పేర్లు కాగితం మీద రాసుకుని మందుల షాపులో ఆరా తీసింది. తర్వాత పక్కింటావిడ మీద, ఆమె దగ్గుతూ వచ్చింది కాబట్టి. తర్వాత ఫ్యాను గాలి మీద. తర్వాత అల్లుడి చొక్కాకి అంటుకున్న వ్యాను పొగ మీద. గంటకోసారి మెట్లెక్కి వచ్చి ఉయ్యాల మీద వంగి చూసేది. పసిది గులాబిరంగు కాదు, తెలుపూ కాదు. ఆ గదిలో అందరూ ఉన్న రంగులోనే ఉంది. కూతురి చేతులు, గోడ, దుప్పటి, గోడ మీది కాగితం, అన్నిటిదీ అదే తేనెరంగు. ఆ వెలుతురులో కాసేపు కూర్చుంటే కన్ను సర్దుకుపోతుంది. అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి.

నాలుగో రోజు పొద్దున్న అల్లుడు పనికి వెళ్లబోతూ కిందికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఏదో అనాలని, అనలేక చేతిలో వ్యాను తాళాలు తిప్పుతున్నాడు.

"అత్తయ్యా, ఆ గదిలో లైటు మారిస్తే బాగుంటుందేమో. పిల్ల మొహం సరిగ్గా కనబడట్లేదు."

పిన్నికి ఒళ్లు మండింది. ఆరు వారాల పామునాటి కక్ష ఇన్నాళ్లకి బయటపడిందనుకుంది. "నా బల్బుకేం రోగం బాబూ?" అంది, భూతద్దంలోంచి తలెత్తకుండా.

"రోగమని కాదు. ఫొటో తీస్తే కూడా అంతా పసుపే వస్తోంది."

"ఫోన్లు అబద్ధాలు చెప్తాయి."

అతను ఒక్క నిమిషం నిలబడి వెళ్లిపోయాడు. వ్యాను స్టార్టయిన చప్పుడు వినిపించింది కానీ పిన్ని మనసు చేతిలోని బల్బు మీద నిలవలేదు. వీణ్ని ఊరికే వదలకూడదు అనుకుంది. ఆ బల్బుని విప్పి తెచ్చి, మీటరు పెట్టి, ఇందులో ఇసుమంత లోపం లేదని అతని కళ్ల ముందు రుజువు చేయాలి. అప్పటిదాకా ఆమెకి మనశ్శాంతి లేదు.

మెట్లెక్కింది. కుర్చీ వేసుకుని బల్బు విప్పింది. పరదా వేసిన గది చీకటైపోయింది. ఇప్పుడేంటమ్మా నీ పరీక్షలు అని కూతురు విసుక్కుంది. అరగంటే, నువ్వు స్నానం చేసిరా, పిల్లని నేను చూసుకుంటానని పిన్ని ఒక చేత్తో బల్బు, ఇంకో చేత్తో పసిదాన్ని పట్టుకుని కిందికి దిగింది.

ముందు బల్బు సంగతి చూసింది. పసిదాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, బల్బుని బల్ల మీది హోల్డరులో పెట్టింది. కెమెరాలో చారల్లేవు. బల్బు మెడ గోరువెచ్చగా ఉంది. కరెంటు ఎంత తీసుకోవాలో అంతే తీసుకుంటోంది. వెలుతురు రంగు డబ్బా మీద రాసినట్టే ఉంది. లోపం ఎక్కడా లేదు. ఆ గెలుపులో ఆమెకి నవ్వొచ్చింది. సాయంత్రం అల్లుడు రానీ, చెప్తాను అనుకుంటూ బల్బు ఆర్పి, కుర్చీని గుమ్మం వైపు జరుపుకుని పసిదాని మొహం మీది గుడ్డ తొలగించింది.

చటుక్కున వెనక్కి తిరిగి గోడ మీది బోర్డు చూసింది. పసుపు బల్బు ఎవరు వేశారు?

బోర్డు మీద మూడు బల్బులూ ఆరిపోయే ఉన్నాయి.

బల్ల మీదిది కూడా ఆరిపోయే ఉంది. గుమ్మంలోంచి పడుతున్నది పొద్దుటి పగటి వెలుతురు. ఆ వెలుతురులో తన చేయి తన చేయిలాగే ఉంది. పసిదాన్ని చుట్టిన తెల్లగుడ్డ తెల్లగా ఉంది. పసిది మాత్రం ఇంకా ఆ గదిలోనే ఉన్నట్టుంది.

పిన్ని బొటనవేలితో పసిదాని నుదురు మెల్లగా నొక్కి వదిలింది. వేలు తీసిన చోట పసుపు. రొమ్ము మీద నొక్కింది. పసుపు. గుడ్డ విప్పి అరికాలు చూసింది. అక్కడా ఆ ఛాయే. మూసిన రెప్పని పైకి ఎత్తింది. కంటి తెలుపు తెలుపు కాదు. పసిది కదిలి, ఏడవబోయి, ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు మళ్లీ నిద్రలోకి జారిపోయింది.

టమాటాని ఎండలో పెట్టి చూసుకున్న మనిషి, ఇంటికి తెచ్చిన దగ్గర్నుంచీ మనవరాలిని ఒక్కసారి కూడా వెలుతురులోకి తీసుకురాలేదు. ఆ ఆలోచన ఒక్క క్షణం వచ్చింది. దానికి అప్పుడు చోటివ్వలేదు. అల్లుడికి ఫోన్ చేసింది.

"బాబూ, వ్యాను తిప్పు. నువ్వు చెప్పిందే నిజం."

"ఏం చెప్పాను అత్తయ్యా?"

"తర్వాత చెప్తా. ముందు రా."

ఆసుపత్రిలో పసిదాని మడమ నుంచి రక్తం తీసుకున్నారు. డాక్టరమ్మ కాగితం చూసి, పచ్చకామెర్లు, రక్తంలో పసుపు పంతొమ్మిది దాకా వచ్చింది అంది. అది ఇంకా ఎక్కితే మెదడుకి ప్రమాదమట, ఇప్పుడే తెచ్చారు కాబట్టి లైటు కింద పెడితే దిగే అవకాశం ఎక్కువట. రేపటిదాకా ఆగి ఉంటే ఏమయ్యేదని కూతురు అడిగింది. డాక్టరమ్మ వార్డు వైపు చేయి చూపించింది.

లైటు అన్న మాట విన్నప్పుడే పిన్నికి అనుమానం పుట్టింది. బల్బుతో వైద్యమేమిటి? బల్బు ఏం చేయగలదో, ఏం చేసినట్టు నటించగలదో తనకంటే ఎవరికి తెలుసు? వార్డులో ఒక చిన్న తొట్టి, దాని పైన పలక లాంటి యంత్రం. నర్సు స్విచ్చి వేసింది. గదిలో నీలం పరుచుకుంది. ఏ నీలం నుంచి పసికళ్లని కాపాడాలని తను రోజంతా బల్బు ఏరిందో, సరిగ్గా ఆ నీలమే.

పిన్ని అడ్డం వచ్చి తొట్టి పక్కన నిలబడింది. "ఈ చిప్పుల మీద పూత లేదు కదమ్మా."

నర్సు ఇరవై ఐదేళ్లు కూడా నిండని పిల్ల. ఒక్క క్షణం వింతగా చూసింది. "ఉండదండి. నీలమే కావాలి. ఒంట్లో ఆ పసుపుని కరిగించి బయటికి పంపేది అదే. కళ్లకి గంతలు కడతాం, భయం లేదు."

"ఎన్నాళ్ల నాటిది ఈ లైటు? ఎన్ని గంటలు వెలిగింది? నీలం కంటికి ఒకలాగే కనిపిస్తూ లోపల సత్తా అయిపోతుంది. నేనెన్ని చూశానో."

అమ్మా నువ్వూరుకో అని కూతురు చేయి పట్టి లాగింది. నర్సు మాత్రం నవ్వలేదు, విసుక్కోలేదు. యంత్రం పక్కనున్న చిన్న తెర మీద అంకెలు చూపించింది, ఇప్పటిదాకా వెలిగిన గంటలవి. తర్వాత జేబులోంచి అరచేతిలో పట్టే మీటరు తీసి, పసిదాన్ని పడుకోబెట్టే పరుపు మీద నాలుగు మూలలా, మధ్యలో ఒకసారి పెట్టి చదివింది. ఒక మూల తక్కువొచ్చింది. యంత్రాన్ని జానెడు కిందికి దించి, మళ్లీ అయిదు చోట్లా చూసింది. పుస్తకంలో రాసుకుంది.

"వెలుగుతోంది కదా అని పెట్టెయ్యం అమ్మా. ప్రతి పిల్లకీ ముందు ఇలా చూస్తాం."

పిన్ని పక్కకి జరిగింది. పసిదాని కళ్లకి గంతలు కట్టారు. ఒంటి మీద బట్ట తీసేసి ఆ నీలం కింద పడుకోబెట్టారు. వేలెడంత చేతులు గాల్లోకి లేచి, దేన్నో పట్టుకోబోయి, మళ్లీ పడిపోయాయి. పిన్ని ఫోన్ తీసి కెమెరాలోంచి ఒక్కసారి చూసింది. చారల్లేవు. ఫోన్ కొంగులో చుట్టి పెట్టేసింది.

బయట బల్ల మీద అల్లుడు కూర్చుని ఉన్నాడు. ఆమె వచ్చి కొంచెం ఎడంగా కూర్చుంది.

"పిల్ల పచ్చబడిందని నీకు పొద్దున్నే తెలుసా?"

"నాకేం తెలుసు అత్తయ్యా? పనికెళ్లే ముందు ఒకసారి సరిగ్గా మొహం చూసుకుందామనిపించింది. ఆ గదిలో ఎంత చూసినా మొహం అందట్లేదు. అంతే."

ఇందులో ముల్లు ఎక్కడుందా అని పిన్ని అలవాటు కొద్దీ వెతికింది. దొరకలేదు. నువ్వు నా బల్బుకి వంక పెడుతున్నావనుకున్నాను అని ఒప్పుకుంది. పసిది పచ్చబడటం తన వల్ల కాదని డాక్టరమ్మ చెప్పింది, నిజమే. పుట్టిన పిల్లల్లో చాలామందికి వస్తుందట. కానీ దాన్ని నాలుగో రోజుదాకా కనబడకుండా దాచిపెట్టింది తన బల్బే. లోపం లేని బల్బు. అది కూడా చెప్పింది.

అల్లుడు నేల చూశాడు. "అయితే నా స్ట్రిప్ లైటే నయమంటారా?" అన్నాడు.

"ఎరుపు కింద ఇంకా కనబడేది కాదు. పాము పామే." అంది ఆమె. అతను లేచి వెళ్లి రెండు టీలు తెచ్చాడు.

మర్నాడు పొద్దుటి రక్తంలో పద్నాలుగు వచ్చింది. పసిది ఆకలికి లేచి గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని పిన్ని గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది. సాయంత్రానికి ఇంకా దిగింది. లైటు ఆపేశాక ఒక రోజు ఉంచి, మళ్లీ పెరగలేదని తేల్చుకుని ఇంటికి పంపారు.

ఇంటికి వచ్చీరాగానే పిన్ని వెల్డింగ్ షాపుకి వెళ్లింది. మెరుపు రోడ్డు మీదికి రాకుండా రేకు అడ్డం పెట్టేదాకా అక్కడే నిలబడింది. నాలుగేళ్లుగా అడగనిది ఇవాళెందుకమ్మా అని షాపతను గొణిగాడు కానీ రేకు పెట్టాడు. పడగ్గది పరదా ఒక మడత విప్పేశారు. పగలంతా కిటికీ తెరిచే ఉంటోంది. పొద్దుపోయాక వేసుకోవడానికి పాలరంగు బల్బు పెట్టింది. దాన్ని అల్లుడే బిగించాడు, ఆమె కుర్చీ పట్టుకుంది. చచ్చిన పాము సగం కూడా ఆమె బల్ల మీదికి చేరింది. అతను తేలేదు, ఆమె అడగలేదు. ఎలా దిగిందో ఇద్దరిలో ఎవరూ మాట్లాడలేదు.

ఆ తేనెరంగు బల్బు ఇంకా బల్ల మీదే ఉంది. అమ్మలేదు, పారేయలేదు. దాని డొప్ప మీద చిన్న కాగితం అంటించి "మంచిదే" అని రాసి పెట్టుకుంది. చూసినవాళ్లకి అర్థం కాదు.

ఇప్పటికీ రోజూ పొద్దున్న కూతురు పసిదాన్ని కిందికి తెచ్చి ఆమె ఒళ్లో పెడుతుంది. నెల దాటింది, బుగ్గలు వచ్చాయి, భయం లేదని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. పిన్ని తలూపి వింటుంది. కుర్చీ గుమ్మం వైపు జరుపుకుంటుంది. అటుగా వెళ్తూ కూరల కొట్టువాడు, ఏం పిన్నీ, సగం వెనక్కి పెడతావా అని నవ్వుతాడు. ఆమె ముందు వెనక్కి తిరిగి బోర్డు మీద మూడు బల్బులూ ఆరిపోయి ఉన్నాయో లేదో చూసుకుంటుంది. అప్పుడే పసిదాని మొహం మీది గుడ్డ తొలగిస్తుంది.